గబ్బిలం, అశోకం: రాయగడ వైపు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒడిశాలోని రాయగడలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు అన్నట్టు ఉంటుంది ఇక్కడి పిల్లల చదువు. "అంతరించే ప్రమాదంలో ఉన్న ఒక జంతువును, అలాంటి ప్రమాదమే ఉన్న ఒక పూలమొక్కను పోల్చి రాయండి" అనే ప్రాజెక్టు ఏదో ఒక క్లాసుకు పడుతూనే ఉంటుంది. పదిమందిలో తొమ్మిదిమంది పులి బొమ్మ అతికించుకొస్తారు. ఒక ఏడాది ఒకమ్మాయి మాత్రం "పులి వద్దు మాస్టారూ, ఇంకేదైనా చెప్పండి" అంది. అప్పుడు సలీం అలీ గబ్బిలం, అశోకం జంట తీసుకున్నాం. ఆ తర్వాత పిల్లలతో పాటు వాళ్ళ అమ్మానాన్నలు, అమ్మమ్మలు కూడా ప్రశ్నలు మొదలుపెట్టారు. గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి ఫోన్లు వచ్చాయి. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈ రెండింటికీ పొంతన ఏముంది? ఒకటి ఎగిరేది, ఒకటి కదలనిది.

పైకి ఏమీ లేదు. గబ్బిలం తమిళనాడు, కేరళ కొండల్లో ఉంటుంది. మనకు వెయ్యి కిలోమీటర్లకు పైనే దూరం. అశోకం మన తూర్పు కనుమల గెడ్డల ఒడ్డునా పెరుగుతుంది, పడమటి కనుమల్లోనూ పెరుగుతుంది. పైగా అశోక పుష్పం ఒడిశా రాష్ట్ర పుష్పం. ఒకదాన్ని మనం చూసే అవకాశం లేదు. రెండోదాన్ని రోజూ చూస్తున్నామనుకుంటాం, చూడం. నన్ను లాగింది ఆ రెండో మాటే. కింద మూడో, నాలుగో ప్రశ్నలు చదివితే మీకే తెలుస్తుంది.

సలీం అలీ గబ్బిలం అంటే మన చింతచెట్లకు గుంపుగా వేలాడే పెద్ద గబ్బిలమేనా?

కాదు. మన ఊళ్ళలో చింత, మర్రి, రావి చెట్లకు పగలంతా వందల్లో వేలాడుతూ, సాయంత్రం దండుగా లేచిపోయేది పెద్ద జాతి. రెక్కలు చాపితే మీటరుకు పైనే ఉంటుంది. సలీం అలీ గబ్బిలం దానికంటే చాలా చిన్నది. గుహల్లో, రాతి చీలికల్లో తలదాచుకుంటుంది. ఇంత చిన్నదీ పండ్లు తినేదే. మేడి జాతి పండ్లు, రుద్రాక్ష జాతి పండ్లు దాని తిండిలో ముఖ్యమైనవి. దాని ప్రజాతిలో ఆ ఒక్క జాతే ఉంది. అక్కాచెల్లెళ్ళు లేని ఒంటరి అన్నమాట. అది పోతే ఆ ఇంటిపేరే పోతుంది.

పండ్లు తినే గబ్బిలాలకు కళ్ళు పెద్దవి. "గబ్బిలానికి కళ్ళుండవు" అన్న మాట వీటి విషయంలో అస్సలు చెల్లదు. మొహం చూస్తే చిన్న కుక్కపిల్లలా ఉంటుంది. మా క్లాసులో ఫొటో చూపించినప్పుడు భయపడ్డవాళ్ళకంటే "అయ్యో, బాగుందే" అన్నవాళ్ళే ఎక్కువ.

సలీం అలీ పక్షుల శాస్త్రవేత్త కదా, గబ్బిలానికి ఆయన పేరేమిటి?

ఈ కథ చెప్పడం నాకు ఇష్టం. కాస్త ఓపికపట్టండి.

1948లో తమిళనాడులో ఇప్పటి తేని జిల్లా కొండల్లో, మేఘమలై వైపు, ఒక కాఫీ తోటలో ఆంగస్ హట్టన్ అనే ఆయన ఈ గబ్బిలాన్ని పట్టాడు. వృత్తికి తోటల మనిషి, మనసంతా అడవి మీదే. ఆ నమూనా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చేరింది. అక్కడ దాన్ని చూసి పొట్టి ముక్కు పండ్ల గబ్బిలం అనుకున్నారు. దేశమంతా దొరికే మామూలు జాతి అది. ఆ పేరుతోనే చీటీ కట్టి డబ్బాలో పెట్టారు.

ఇరవై నాలుగేళ్ళు ఆ చీటీ కిందే పడి ఉంది. 1972లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్త కిట్టి థోంగ్‌లోంగ్యా దాన్ని తీసి చూసి, తోక లేదని, దంతాల తీరు వేరని గమనించాడు. పొట్టి ముక్కు గబ్బిలానికి చిన్నదైనా తోక ఉంటుంది. దీనికి బయటికి కనిపించే తోకే లేదు. ఇది వేరే జాతి మాత్రమే కాదు, వేరే ప్రజాతి అని తేల్చి సలీం అలీ పేరు పెట్టాడు. ఆ తర్వాత 1993 వరకూ అడవిలో దాని జాడ మళ్ళీ పట్టుబడలేదు.

అంటే ఒక డబ్బాలో, ఒక తప్పు చీటీ కింద, ఒక అరుదైన ప్రాణి పావు శతాబ్దం దాగి ఉంది. ఎవరూ దాచలేదు. "ఇది మనకు తెలిసిందే కదా" అనుకున్నారు, అంతే. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. అశోకం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కావాలి.

అశోకం అంటే మా బడి గోడ పక్కన ఈటెల్లా నిటారుగా నిలబడే చెట్లే కదా?

ఇదే నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న. నేనే తప్పు చేసిన ప్రశ్న కూడా.

కొత్తగా పాఠాలు చెప్పే రోజుల్లో ప్రహరీ పక్కన ఉన్న అలాంటి చెట్లను చూపించి, "ఇదిగో, మన రాష్ట్ర పుష్పం పూసే చెట్టు ఇదే" అని రెండేళ్ళు వరసగా చెప్పాను. మూడో ఏడు వెనక బెంచీ కుర్రాడు లేచి, "మాస్టారూ, పుస్తకంలో పువ్వు ఎర్రగా ఉంది, దీనికి పచ్చగా పూస్తోందేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేస్తే తల తిరిగింది.

నిటారుగా ఎదిగి, ఆకులు కిందికి వాలి, అంచులు అలల్లా ముడతలు పడి ఉండేది నరమామిడి. సీతాఫలం కుటుంబంలోది. మేడల ముందు, ఆఫీసుల ముందు, పెళ్ళి మండపాల దగ్గర నాటేది దాన్నే. అందరూ అశోక చెట్టు అనే పిలుస్తారు, నర్సరీవాళ్ళు కూడా. అసలు అశోకం చిక్కుడు కుటుంబంలోది. దాన్ని సీతాశోకం అని కూడా అంటారు.

తేడా పట్టడం కష్టం కాదు. నరమామిడికి ఒక కాడకు ఒకే ఆకు. అశోకానిది సంయుక్త పత్రం, ఒకే ఈనెకు జతలు జతలుగా ఆకులుంటాయి. లేత చిగురు రాగిరంగులో, తడిపిన గుడ్డలా వేలాడుతుంది. ఒకసారి చూసినవాళ్ళు మరిచిపోరు. పువ్వులు మొదట పసుపు, తర్వాత నారింజ, వాడేముందు ఎరుపు. మూడు రంగులూ ఒకే గుత్తిలో కనిపిస్తాయి. కొమ్మ చివర్లలోనే కాదు, ముదురు కొమ్మల మీద, కాండం మీద కూడా నేరుగా గుత్తులు పుట్టుకొస్తాయి. మరో విచిత్రం, ఆ పువ్వుకు రేకులే ఉండవు. మనం రేకులనుకునేవి మొగ్గను కప్పి కాపాడే రక్షక పత్రాలు. పదో క్లాసు పిల్లలకు ఇది చెప్పి చూడండి, పుస్తకం మీద పడిపోతారు.

ఇప్పుడు వెనక్కి వెళ్ళండి. అక్కడ అరుదైన గబ్బిలానికి మామూలు గబ్బిలం చీటీ కట్టారు. ఇక్కడ మామూలు చెట్టుకు అరుదైన చెట్టు చీటీ కట్టాం. దిక్కు మారింది గానీ ఫలితం ఒకటే, అరుదైనది కనిపించకుండా పోయింది. ఊరినిండా "అశోక చెట్లు" ఉన్నాయనుకునేవాడికి అశోకం తగ్గిపోతోందంటే ఎలా ఎక్కుతుంది?

ఇంకో తమాషా ఉంది. సలీం అలీ గబ్బిలమని తెలియక ఏ పొట్టి ముక్కు గబ్బిలం పేరు పెట్టారో, ఆ పొట్టి ముక్కు గబ్బిలానికి నరమామిడి అంటే ప్రాణం. తాటాకుల కిందే కాదు, కిందికి వాలిన నరమామిడి ఆకుల గుబురులో కూడా మగది గూడారంలా చోటు చేసుకుని కాపురం పెడుతుంది. ఆ చెట్టు పండ్లు తిని గింజలు రాలుస్తుంది. పొద్దున్నే మీ వరండాలో, స్కూటరు సీటు మీద నున్నగా చీకిన గింజలు పడి ఉంటే తిట్టుకునేది దాన్నే. దొంగ అశోకంలో దొంగ సలీం అలీ. నేను కల్పించిందేం కాదు, చెట్టు కింద నిలబడి టార్చి వేస్తే మీకే కనిపిస్తుంది.

ఎండేంజర్డ్ వేరు, థ్రెటెన్డ్ వేరా? పిల్లాడు రెండూ ఒకటే అని రాశాడు, మార్కులు తీసేశారు.

మార్కులు తియ్యడం న్యాయమే, కానీ తేడా చెప్పి తియ్యాలి.

ఐయూసీఎన్ అనే ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ 1964 నుంచి రెడ్ లిస్ట్, అంటే ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే జాబితా, నడుపుతోంది. అందులో మెట్లున్నాయి. "థ్రెటెన్డ్" ఒక మెట్టు కాదు, మూడు మెట్లను కలిపి పిలిచే పేరు. పైనుంచి క్రిటికల్లీ ఎండేంజర్డ్, దాని కింద ఎండేంజర్డ్, ఆ కింద వల్నరబుల్. కాబట్టి ఎండేంజర్డ్ అయినవన్నీ థ్రెటెన్డే. థ్రెటెన్డ్ అయినవన్నీ ఎండేంజర్డ్ కావు. మన రాయగడవాళ్ళందరూ ఒడిశావాళ్ళే, ఒడిశావాళ్ళందరూ రాయగడవాళ్ళు కాదు కదా, అలా.

సలీం అలీ గబ్బిలం ఎండేంజర్డ్ మెట్టు మీద ఉంది. అశోకాన్ని 1998లో వల్నరబుల్‌గా చేర్చారు.

మెట్టు ఎలా వేస్తారంటే, కొలతలున్నాయి. పదేళ్ళలో గానీ మూడు తరాల్లో గానీ (ఏది ఎక్కువైతే అది) సంఖ్య 30 శాతం తగ్గితే వల్నరబుల్, 50 శాతం తగ్గితే ఎండేంజర్డ్, 80 శాతం తగ్గితే క్రిటికల్. సంఖ్య ఒక్కటే కాదు, అది ఉండే ప్రాంతం వైశాల్యం కూడా చూస్తారు. మొత్తం పరిధి 20,000 చదరపు కిలోమీటర్ల లోపుంటే వల్నరబుల్ కిందికి, 5,000 లోపుంటే ఎండేంజర్డ్ కిందికి రావచ్చు. అయితే పరిధి చిన్నదైతే చాలదు, ముక్కలు ముక్కలవడమో, తగ్గుతూ ఉండటమో కూడా కనిపించాలి. మన గబ్బిలం ముఖ్యంగా ఈ పరిధి లెక్కలోనే పడింది.

సరే, రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదంలో ఉంది? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాట కావాలంటే గబ్బిలం. జాబితా అలాగే చెబుతుంది. ప్రాజెక్టులో అదే రాయండి.

ఇక నా మాట. మెట్టు ఎంత పైనుందో చెప్పగానే పోలిక అయిపోయిందనుకోవడం నాకు నచ్చదు, ఎందుకంటే ఈ రెండింటికీ వచ్చిన ఆపద ఒకే రకం కాదు. గబ్బిలానికి ఇల్లు చిన్నది. మేఘమలై, అగస్త్యమలై వైపు కొన్ని కొండలు, కొన్ని గుహలు. పాత అడవిని నరికి కాఫీ, ఏలకుల తోటలు వేసుకుంటూ పోతే దానికి తిండి చెట్లు తగ్గుతాయి. మాంసానికి, మందు పేరుతో పట్టేవాళ్ళు కూడా ఉన్నారు. పండ్ల గబ్బిలాలు ఈతకు ఒక్క పిల్లనే కంటాయి. ఎలుకల్లా వేగంగా మళ్ళీ నిండిపోవు. ఒక గుహ చెడితే జాతిలో పెద్ద భాగమే చెడినట్టు. అయితే మంచి కబురు కూడా ఉంది. ఆ కొండల్లో చాలా భాగం ఇప్పుడు రక్షిత అడవి. 2021లో శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యం ప్రకటించారు. పులి పేరు చెప్పుకుని గబ్బిలం బతుకుతోంది. పులి బొమ్మ అతికించే పిల్లలను నేను మరీ వెక్కిరించకూడదేమో.

అశోకం ఇల్లు పెద్దది. మన దేశంలో చాలా రాష్ట్రాలు, శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్ దాకా ఉంది. దాని ఆపద చోటు వల్ల కాదు, దాని బెరడుకున్న గిరాకీ వల్ల వచ్చింది. ఆయుర్వేదంలో ఆడవాళ్ళ మందుల్లో ఈ బెరడుది పెద్దపీట. చెట్టును నిలువునా కొంత గీరి తీస్తే అది తట్టుకుంటుంది. కాండం చుట్టూ గాజులా ఒలిచేస్తే నిలబడ్డ చోటే ఎండిపోతుంది. అడవిలో తొందరగా మూట నింపుకునేవాడు రెండో పనే చేస్తాడు. బెరడు ముదురు చెట్టుదే కావాలి, కాబట్టి విత్తనమిచ్చే పెద్ద చెట్లే ముందు పోతాయి. విత్తనం చూస్తే ఎక్కువ కాలం నిలవుండదు. పైగా ఈ చెట్టుకు నీడా, చెమ్మా కావాలి. గెడ్డ ఒడ్డున పెద్ద చెట్లు పోయి ఎండ తగిలితే మొలకలు నిలదొక్కుకోవు.

అందుకే నాకు అశోకం గురించే ఎక్కువ దిగులు. గబ్బిలం జోలికి వెళ్ళకుండా ఉంటే చాలు, అది బతుకుతుంది. అశోకం అలా కాదు. దాన్ని మనం వాడుకుంటూనే ఉన్నాం, పేరు కూడా తెలియకుండా.

గబ్బిలం అశోకం పువ్వుకు పరాగసంపర్కం చేస్తుందా? అలా రాస్తే బాగుంటుంది కదా.

బాగుంటుంది, కానీ నిజం కాదు. అశోకం పూలకు పగటి చుట్టాలు, సీతాకోకచిలుకలు, తేనెటీగలు. గబ్బిలంతో పనిలేదు.

గబ్బిలంతో బంధం ఉన్న పూలచెట్టు కావాలంటే దుండిలం తీసుకోండి. కొన్ని చోట్ల పంపెన అంటారు. ఆయుర్వేదంలో వాడే పది వేళ్ళలో (దశమూలాల్లో) ఒకటి, సంస్కృతంలో శ్యోనాకం. పువ్వు రాత్రి విచ్చుకుంటుంది. మందంగా, ముదురు ఊదా ఎరుపులో ఉంటుంది. వాసన మనకు నచ్చేది కాదు, గబ్బిలానికి నచ్చేది. తేనె కోసం గబ్బిలం మొహం లోపలికి దూర్చితే పుప్పొడి దాని ఒంటికి అంటుకుంటుంది. తర్వాత కత్తిలా పొడుగాటి కాయలు వేలాడతాయి. పగిలితే లోపల పలుచటి కాగితం రెక్కలున్న గింజలు గాలికి పోతాయి. దీని వేరు బెరడును దశమూలం కోసం తవ్వుతారు. వేరు పోతే చెట్టు ఉంటుందా? కాబట్టి దీని సంగతీ అశోకం లాంటిదే.

అంతకంటే దగ్గరి చుట్టరికం ఇప్పచెట్టుది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రిపూట ఇప్పపూలు విచ్చుకుంటాయి, తెల్లవారకముందే రాలడం మొదలవుతుంది. అడవి పల్లెల్లో ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలతో ఏరడానికి వెళ్ళేలోపే గబ్బిలాలు ఒక బంతి తినేసి ఉంటాయి. పండ్లు వచ్చాక గుజ్జు తిని గింజలను దూరంగా పడేసేవీ అవే. "మా ఇప్పపువ్వు తినేస్తున్నాయి" అని కోపగించుకునే ముసలాయనతో ఒకసారి వాదన పెట్టుకున్నాను. "అయితే ఈ చెట్టు నాటిందెవరు, నువ్వా?" అంటే నవ్వేసి ఊరుకున్నాడు.

మన వైపు గబ్బిలాలు, ప్రమాదంలో ఉన్న మొక్కలు రెండూ ఒకే చోట చూడగలమా?

చూడొచ్చు. జయపురం నుంచి వెళ్ళే గుప్తేశ్వరం. శివరాత్రికి వెళ్ళినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. సున్నపురాతి గుహలు, కింద శబరి. ఆ నీళ్ళే పోయి గోదావరిలో కలుస్తాయి. ఆ గుడి చుట్టూ ఉన్న 350 హెక్టార్ల అడవిని 2024లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దక్షిణ ఒడిశాలో కనిపించే 16 రకాల గబ్బిలాల్లో 8 రకాలు ఆ గుహల్లో ఉన్నాయని అప్పుడు చెప్పారు. వాటిలో రెండు రకాలను ప్రమాదపు గడప దాకా వచ్చినవాటిగా లెక్కేశారు. ఆ రెండూ పురుగులు తినేవే గానీ పండ్లు తినేవి కావు. ఇక మొక్కల్లో దుండిలం, సర్పగంధి లాంటి ఔషధ మొక్కల పేర్లున్నాయి.

వెళ్తే గుహలో టపాకాయలు, ఫ్లాష్ ఫొటోలు, కేకలు వద్దు. పిల్లల్ని పెట్టుకున్న తల్లి గబ్బిలం బెదిరితే పిల్ల కింద పడుతుంది. కింద పడ్డ పిల్ల మళ్ళీ పైకి వెళ్ళడం కష్టం.

చట్టం ఏమంటుంది?

ఇక్కడ ఒక వింత ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకల సరసన పంటలకు చేటు చేసే జీవుల జాబితాలో పెట్టారు. ఎవరు చంపినా అడిగేవాడు లేడు. ఒక్క సలీం అలీ గబ్బిలం మాత్రం పులితో పాటు గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోకి వెళ్ళింది. అంటే ఒకే చీకట్లో, ఒకే మేడిచెట్టు మీద వాలిన రెండు గబ్బిలాల్లో ఒకదాన్ని చంపితే జైలు, రెండోదాన్ని చంపితే ఏమీ లేదు. తోక ఉందా లేదా అని వేటగాడు టార్చి వేసి చూస్తాడా? 2022 సవరణతో ఆ చేటు జీవుల జాబితానే తీసేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇది నాకు పెద్ద ఊరట.

మొక్కల సంగతికొస్తే, పాత చట్టంలో రక్షణ పొందిన మొక్కలు ఆరంటే ఆరే. శేషాచలం కొండల్లోని పేరీత వాటిలో ఒకటి. అశోకం వాటిలో లేదు. అలాగని రిజర్వు అడవిలోకి వెళ్ళి బెరడు ఒలుచుకోవచ్చని కాదు. అది అటవీ చట్టాల కింద నేరమే.

మా ఇంట్లో అశోకారిష్టం వాడతారు. మానెయ్యాలా?

మందు మానడం, వాడటం మీ వైద్యుడు చెప్పాలి, నేను కాదు. నేను చెప్పగలిగేది అందులో వాడే అశోక బెరడు గురించి. అశోక బెరడుకు కొరత వచ్చినకొద్దీ అందులో నరమామిడి బెరడు కలపడం మొదలైంది. ఇది ఎప్పటినుంచో తెలిసిన కల్తీయే. ఎండి ముక్కలైన బెరడును చూసి సామాన్యుడు తేడా పట్టలేడు. తప్పు పేరు బడి గోడ దగ్గర మొదలై మందు సీసాలోకి కూడా వచ్చిందన్నమాట. అందుకే తెలియనివాళ్ళు మూటకట్టి తెచ్చి అమ్మే పొడి కొనకండి.

ఇంటి దగ్గర గబ్బిలాలున్నాయి. నిఫా అంటే టెన్షన్‌గా ఉంది, చెట్టు కొట్టించమంటారా?

వద్దు. మన దేశంలో నిఫా 2001లో సిలిగురిలో, 2018లో కోళికోడ్‌లో వచ్చింది. ఆ వైరస్ పెద్ద పండ్ల గబ్బిలాల్లో ఉంటుందన్నది నిజమే. చెట్టు కొడితే అవి చెదిరి నాలుగు వీధుల్లోకి పోతాయి తప్ప వైరస్ పోదు. కొరికిన పండు, గాటు పడిన జామకాయ తినకండి, పిల్లలకు పెట్టకండి. కింద పడ్డ పండ్లు కూడా తినకండి. మిగతా పండ్లు బాగా కడిగి, తొక్క తీసి తినండి. బంగ్లాదేశ్‌లో చాలామందికి పచ్చి ఈత నీరా వల్ల అంటుకుంది, రాత్రి ముంతలో గబ్బిలం మూతి పెట్టడం వల్ల. మన వైపు కల్లు ముంతలకు మూత గానీ వల గానీ కట్టమనండి. గబ్బిలాన్ని వట్టి చేత్తో ముట్టుకోకండి, చచ్చినదాన్నైనా సరే.

అశోక మొక్క పెంచాలంటే?

ముందు నర్సరీలో "సీతాశోకం, జంట ఆకులది" అని గట్టిగా అడగండి. వట్టి అశోకం అంటే నరమామిడే చేతిలో పెడతారు. విత్తనం దొరికితే తాజాదే నాటండి, దాచుకుంటే మొలవదు. ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి సంచిలో పెట్టండి. మొదటి ఏళ్ళలో మధ్యాహ్నం ఎండ నేరుగా తగలని చోటు చూడండి, కొబ్బరిచెట్ల మధ్య, బావి పక్కన, వాడకం నీళ్ళు పారే చోట. నెమ్మదిగా పెరుగుతుంది. నాటిన మర్నాటినుంచి పువ్వు కోసం చూడకండి. మేడ ముందు వరసగా సైనికుల్లా నిలబడాలంటే మాత్రం ఇది మీ చెట్టు కాదు. ఇది గుబురుగా, గొడుగులా పరుచుకుంటుంది.

కావ్యాల్లో అందగత్తె కాలితో తంతే అశోకం పూస్తుందంటారు. మన్మథుడి ఐదు బాణాల్లోనూ అది ఉంది. మా ఇంటి మొక్కను మా ఆవిడ తన్నలేదు గానీ బియ్యం కడిగిన నీళ్ళు పోసింది.

అశోకాష్టమి అంటే మనకు తెలియదు. అదేం పండగ?

మనకు ఉగాది పాడ్యమి, శ్రీరామనవమి తెలుసు. ఆ నవమికి ముందురోజు, చైత్ర శుద్ధ అష్టమి. ఆ రోజు భువనేశ్వర్‌లో లింగరాజస్వామి రథయాత్ర జరుగుతుంది. అశోక మొగ్గలు ఎనిమిది నీళ్ళలో వేసుకుని తాగే ఆచారం కూడా ఉంది, శోకం లేకుండా ఉండాలని. అశోకం పూసే కాలం కూడా అదే. సీతమ్మ అశోకవనం, మరునాడే రాముడి పుట్టినరోజు. ఒడియావాళ్ళ పండగైనా మనకు కథ కొత్తదేం కాదు.

ఒడియాలో ఏమని రాయాలి?

గబ్బిలం బాదుడి. అశోకం అశోకే. ఇప్ప మహుల. పేపరు మీద ఒడియా లిపిలో రాయడానికి పక్కింటివాళ్ళను అడగండి, నా దస్తూరీ చూసి మా ఒడియా మాస్టారే నవ్వుతారు.

చార్టు మీద రెండు వరసల పట్టిక వేస్తే చాలా?

వేయండి, టీచర్లకు పట్టికంటే ఇష్టం. కాకపోతే "ఆహారం: పండ్లు / సూర్యరశ్మి" లాంటి గళ్ళతో నింపకండి. ఎవరు దాన్ని తగ్గిస్తున్నారు, ఎందుకు తగ్గిస్తున్నారు, ఆపాలంటే ఎవరు ఏం మానాలి అనే మూడు గళ్ళుంటే చాలు. ఒక మూల మీ బడి నరమామిడి ఆకు ఒకటి, అసలు అశోకం ఆకు ఒకటి పక్కపక్కన అతికించండి. అశోకం ఆకు కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది. ఆ తిరగడమే సగం ప్రాజెక్టు. కొమ్మ విరవకండి, రాలిన ఆకు చాలు.

మాస్టారూ, మీరు సలీం అలీ గబ్బిలాన్ని ఎప్పుడైనా చూశారా?

లేదు. ఫొటోలో చూడటమే. దాని చీటీ మోసిన పొట్టి ముక్కు గబ్బిలాన్ని మాత్రం రోజూ చూస్తాను. బడి గోడ పక్కన మూడో నరమామిడి మీద ఉంది. సాయంత్రం ఆరున్నరకు దిగుతుంది.